హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ కొనాలా, ఫోన్ చాలా? హైదరాబాద్ నుంచి ట్రెక్కులకు వెళ్లేవాళ్ల కోసం

అనంతగిరికో, భువనగిరి కోటకో, గండిపేట చుట్టూ సైకిల్ మీదో వెళ్లొచ్చేవాళ్లు హ్యాండ్‌హెల్డ్ జీపీఎస్ (శాటిలైట్ల సిగ్నల్‌తో దారి చూపడానికే చేసిన చేతి పరికరం) కొనక్కర్లేదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇలాంటి పోలికలు చాలావరకు 'మీ అవసరాన్ని బట్టి చూసుకోండి' అని చివర్లో చేతులు దులిపేసుకుంటాయి. ఫోన్‌లో ఒక మంచి ఆఫ్‌లైన్ మ్యాప్ యాప్, బ్యాగులో ఒక పవర్ బ్యాంక్, వాటిని వాడటం ఇంటి దగ్గరే నేర్చుకుని ఉండటం, ఊరికి వంద కిలోమీటర్ల లోపు ఒక్కరోజు నడకలకు ఇంతకు మించి ఏమీ అవసరం లేదు. వర్షాకాలంలో అడవి నడకలు చేసేవాళ్లు, కరెంటు లేని చోట రెండు మూడు రోజులు ఉండేవాళ్లు, ఫీల్డ్ వర్క్‌లో పొద్దస్తమానం పాయింట్లు గుర్తుపెట్టాల్సినవాళ్లు, ఏటా హిమాలయాలకు వెళ్లేవాళ్లు, డబ్బు పెట్టాల్సింది వీళ్లు. మీరు ఎటువైపు ఉన్నారో ఇంకా తేలకపోతే కింద చదవండి.

మొదట వదిలించుకోవాల్సిన భ్రమ ఒకటుంది. ఖరీదైన డబ్బా కాబట్టి లొకేషన్ ఫోన్ కంటే కచ్చితంగా చూపిస్తుందని చాలామంది అనుకుంటారు. నెత్తిన ఆకాశం తెరిపిగా ఉంటే మామూలు స్మార్ట్‌ఫోన్ కూడా ఐదు మీటర్లు అటూఇటూగా మనం ఎక్కడున్నామో చెప్పేస్తుంది, హ్యాండ్‌హెల్డ్ చెప్పేదీ దాదాపు అంతే. (జీపీఎస్ నడిపే అమెరికా జనానికి అందే సిగ్నల్‌ను కావాలని చెడగొట్టేది, 2000 మేలో ఆ పని మానేసింది, అంతకుముందు వంద మీటర్ల దాకా తేడా వచ్చేది.) పైగా తమాషా ఏంటంటే, ఎల్1, ఎల్5 అనే రెండు ఫ్రీక్వెన్సీలనూ పట్టే చిప్‌లు 2018 నుంచే ఫోన్లలోకి వచ్చేశాయి, ఇప్పుడు మధ్యరకం ఫోన్లలో కూడా చాలావాటికి ఉన్నాయి. గార్మిన్ కంపెనీ హ్యాండ్‌హెల్డ్‌లలో ఈట్రెక్స్ 22ఎక్స్ లాంటి ఎంట్రీ మోడల్‌లో మాత్రం ఒక్క ఫ్రీక్వెన్సీయే, రెండూ కావాలంటే అదే కంపెనీ జీపీఎస్‌మ్యాప్ 65ఎస్, 67 లాంటి వాటి దాకా వెళ్లాలి. కాబట్టి పక్కపక్కన పెట్టి చూస్తే కొన్నిసార్లు మీ ఫోనే గెలుస్తుంది. మీ ఫోన్ ఏయే ఫ్రీక్వెన్సీలు పడుతోందో తెలుసుకోవాలంటే ఆండ్రాయిడ్‌లో జీపీఎస్‌టెస్ట్ అనే ఉచిత యాప్ ఉంది, మేడ మీదికెక్కి ఓసారి చూడండి. మన దేశపు శాటిలైట్ వ్యవస్థ నావిక్ సపోర్ట్ ఉందా లేదా అని మాత్రం టెన్షన్ పడకండి. ఇస్రో 2023లో పంపిన ఎన్‌వీఎస్-01 నుంచి నావిక్‌కి ఎల్1 కూడా వచ్చింది, సంతోషమే, కానీ జీపీఎస్, రష్యా గ్లోనాస్, యూరప్ గెలీలియో, చైనా బైడూ అన్నీ కలిసి వినిపిస్తున్నప్పుడు నడిచేవాడికి శాటిలైట్ల కరువేమీ లేదు.

మరి తేడా ఎక్కడంటే, చేత్తో పట్టుకుని వాడేటప్పుడు. జులైలో అనంతగిరి చెట్ల మధ్య ముసురు పట్టిందనుకోండి. తెర మీద నాలుగు చుక్కలు పడేసరికి ఫోన్‌కి వేలేదో నీళ్లేవో తెలియదు. దానంతటదే జూమ్ అవుతుంది, మ్యాప్ ఎటో జరిగిపోతుంది, ఒక్కోసారి రికార్డింగే ఆగిపోతుంది. తుడుద్దామంటే చొక్కా కూడా తడిసే ఉంటుంది. నాది వాటర్‌ప్రూఫ్ ఫోన్ అంటారా, నీళ్లు లోపలికి పోకపోవడం వేరు, తడి తెర మన మాట వినడం వేరు. ఈట్రెక్స్, జీపీఎస్‌మ్యాప్ రకాల్లో చాలావాటికి బటన్లే. వేలు తడిగా ఉన్నా, గ్లవ్స్ వేసుకున్నా నొక్కితే నొక్కినట్టే, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా తట్టుకునేలా వాటిని చేస్తారు. ఎండాకాలంలో గొడవ ఇంకో రకం. ఏప్రిల్‌లో పదకొండింటికి భువనగిరి బండ మీద ఫోన్‌లో మ్యాప్ కనిపించాలంటే బ్రైట్‌నెస్ మొత్తం పెంచాలి, పెంచితే ఫోన్ కాగుతుంది, కాగితే తనే బ్రైట్‌నెస్ తగ్గించేసుకుంటుంది. హ్యాండ్‌హెల్డ్ తెర ఎండ పడేకొద్దీ ఇంకా స్పష్టంగా కనబడే రకం. ఇంట్లో ట్యూబ్‌లైట్ కింద చూస్తే ఆ 2.2 అంగుళాల వెలవెలబోయే తెరకా ఇంత డబ్బు పోశాం అని దిగులేస్తుంది, దాన్ని ఇంట్లో చూసి అంచనా వేయకండి.

బ్యాటరీ గురించి కంపెనీలు చెప్పే లెక్కలు ఇవి: ఈట్రెక్స్ 22ఎక్స్ రెండు డబుల్ ఏ సెల్స్‌తో 25 గంటలు, 2023లో వచ్చిన ఈట్రెక్స్ ఎస్ఈ అవే రెండు సెల్స్‌తో 168 గంటలు, జీపీఎస్‌మ్యాప్ 67 లోపలి బ్యాటరీతో 180 గంటలు, 65ఎస్ మాత్రం 16 గంటలే. ఇవన్నీ బాక్స్ మీది అంకెలు, బ్యాక్‌లైట్ వేసుకుంటూ పోతే తగ్గుతాయి. ఫోన్‌లో ఏరోప్లేన్ మోడ్ పెట్టి, తెర ఆర్పి, ట్రాక్ (నడిచిన దారి గీత) మాత్రమే రికార్డ్ చేస్తే ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ ఒక పగలంతా వస్తుంది. ఫోన్‌ను చంపేది జీపీఎస్ కాదు, సిగ్నల్ లేని చోట టవర్ కోసం వెతుక్కోవడం, దానికి తోడు మనం తీసే వీడియోలు.

సెల్స్ మార్చుకోగలగడం పెద్ద లాభమే, అయితే ఏ సెల్స్ అన్నది చూసుకోవాలి. దారిలో కిరాణా కొట్టులో దొరికేవి చాలావరకు గోడ గడియారానికి, టీవీ రిమోట్‌కి వేసే మామూలు జింక్ కార్బన్ సెల్స్, అవి జీపీఎస్‌లో వేస్తే చూస్తుండగానే దిగిపోతాయి. ఆల్కలైన్ అని రాసి ఉన్నవి గానీ రీచార్జ్ అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి గానీ సిటీలోనే కొనుక్కుని వెళ్లండి. రీచార్జబుల్ వేసినప్పుడు సెట్టింగ్స్‌లో బ్యాటరీ రకం కూడా మార్చాలి. వాటి వోల్టేజ్ 1.2, ఆల్కలైన్‌ది 1.5, మార్చకపోతే నిండా చార్జ్ ఉన్నా గీతలు తక్కువ చూపించి కంగారు పెడుతుంది.

ఏరోప్లేన్ మోడ్‌లో జీపీఎస్ పనిచేయదని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. పనిచేస్తుంది. జీపీఎస్ అనేది వినడమే, ఫోన్ నుంచి ఏమీ పంపక్కర్లేదు. మొదటిసారి చోటు పట్టడం మాత్రం ఆలస్యమవుతుంది. నెట్ ఉంటే ఏ శాటిలైట్ ఎక్కడుందో ఆ వివరాన్ని సెకన్లలో దింపుకుంటుంది. లేకపోతే శాటిలైట్ నుంచే వినాలి, ఒక్కోటి తన కక్ష్య వివరాలను 30 సెకన్లకోసారి మొదటినుంచి చెబుతుంది, అన్ని శాటిలైట్ల పట్టిక పూర్తిగా రావడానికైతే పన్నెండున్నర నిమిషాలు. ఏడాదిగా అల్మారాలో పడున్న హ్యాండ్‌హెల్డ్‌ను అడవిలో బయటికి తీసి 'ఇది చచ్చిందిరా' అనేవాళ్లు కాసేపు ఓపిక పట్టాలి. వికారాబాద్‌లో టిఫిన్‌కి ఆగినప్పుడే ఆన్ చేసి బయట పెట్టేస్తే ఈ బాధే ఉండదు.

ఇక మన బండల సంగతి. ఖాజాగూడ గుట్టల్లోనో రాచకొండ దగ్గరో రెండు పెద్ద గుండ్ల మధ్య సందులో నిలబడితే ఆకాశం ఒక చీలికలా కనిపిస్తుంది, సిగ్నల్ నేరుగా రాకుండా రాయికి కొట్టుకుని వస్తుంది, అందుకే తర్వాత ట్రాక్ తీసి చూస్తే మనం గుండ్లలోంచి దూసుకుపోయినట్టు అడ్డదిడ్డంగా గీతలుంటాయి. ఎల్5 ఉన్న పరికరం ఇలాంటి చోట కొంత నయం. యాంటెన్నా కూడా చూడాలి. జీపీఎస్‌మ్యాప్ 64, 65, 66, 67 రకాలకు పైన బొడిపెలా ఉంటుందే, అది నిలువుగా పట్టుకుంటే బాగా వింటుంది, దట్టమైన చెట్ల కింద దానిదే పైచేయి. ఈట్రెక్స్‌లో ఉండేది పలకలాంటిది, దాన్ని ఆకాశం వైపు వెల్లకిలా పట్టుకోవాలి. బెల్టుకి తగిలించి, మెడలో వేలాడేసి, పైన పొట్ట అడ్డం పెట్టి సిగ్నల్ రావట్లేదంటే ఎలా. పాయింట్ గుర్తుపెట్టేటప్పుడు గుండు పక్కన కాకుండా నాలుగడుగులు తెరిపిలోకి జరిగి ఒక నిమిషం ఆగి గుర్తుపెట్టండి. గార్మిన్‌లలో వేపాయింట్ యావరేజింగ్ అని ఉంటుంది, అది పదే పదే కొలిచి సగటు తీస్తుంది. ఫీల్డ్ వర్క్ చేసేవాళ్లకు ఇదొక్కటే డబ్బా కొనడానికి సరిపడా కారణం.

మ్యాపుల విషయంలో ఫోన్‌ది తిరుగులేని గెలుపు. గూగుల్ మ్యాప్స్ కారు ఆపే చోటు వరకు బంగారం, అక్కడినుంచి మొదలయ్యే కాలిబాట దానికి చాలాసార్లు తెలియదు. ఆర్గానిక్ మ్యాప్స్, ఓఎస్ఎమ్‌అండ్ రెండూ జనమే కలిసి గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటాతో నడుస్తాయి, ఎవరో నడిచి గీసిన బాటలు అందులో దొరుకుతాయి, తెలంగాణ మొత్తం ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోవచ్చు. కొత్తవాళ్లకు ఆర్గానిక్ మ్యాప్స్ సులువు, యాడ్స్ లేవు. ఓఎస్ఎమ్‌అండ్‌లో సెట్టింగ్స్ కొండవీటి చాంతాడంత ఉంటాయి, అలవాటైతే మాత్రం వదలబుద్ధి కాదు. హ్యాండ్‌హెల్డ్‌లో ఈట్రెక్స్ ఎస్ఈకి వివరమైన మ్యాపే ఉండదు, మీరు వేసుకెళ్లిన గీత, పాయింట్లు మాత్రమే తెర మీద ఉంటాయి. 22ఎక్స్‌లో మైక్రో ఎస్‌డీ కార్డ్ పెట్టుకోవచ్చు, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తయారైన ఉచిత గార్మిన్ మ్యాపులు అందులో వేసుకుంటే సరి, మ్యాప్ కోసం ప్రత్యేకంగా డబ్బు కట్టకండి.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేల్ ఓపెన్ సిరీస్ షీట్లు పీడీఎఫ్‌గా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, వాగులూ గుట్టలూ కాంటూర్లూ (ఎత్తు చూపే గీతలు) అర్థం చేసుకోవడానికి వాటికి సాటి లేదు. ఒక జాగ్రత్త: అవి డబ్ల్యూజీఎస్84 అనే అక్షాంశ రేఖాంశాల లెక్కలో ఉంటాయి, జీపీఎస్ లెక్కా అదే, కలుస్తాయి. ఇంట్లో తాతగారి కాలం నాటి టోపోషీట్ ఉంటే మాత్రం అది ఎవరెస్ట్ అనే పాత లెక్కలో గీసింది, అందులో చూసిన అంకెలు జీపీఎస్‌లో యథాతథంగా కొడితే వంద మీటర్లకు పైగా పక్కకు పోతారు.

అంతకంటే పెద్ద పొరపాటు అంకెలు కొట్టే పద్ధతిలో జరుగుతుంది. చార్మినార్‌నే తీసుకోండి. ఫోన్‌లో 17.3616, 78.4747 అని ఉంటుంది, ఇది డిగ్రీలు, వాటి దశాంశాలు. హ్యాండ్‌హెల్డ్ మామూలుగా డిగ్రీలు, నిమిషాల పద్ధతిలో అడుగుతుంది, అందులో చార్మినార్ 17 డిగ్రీల 21.696 నిమిషాలు ఉత్తరం, 78 డిగ్రీల 28.482 నిమిషాలు తూర్పు. ఇది గమనించకుండా వాట్సాప్‌లో వచ్చిన అంకెల్ని చూసి 17 డిగ్రీల 36.16, 78 డిగ్రీల 47.47 అని కొడితే, పరికరం కిక్కురుమనకుండా ఒప్పుకుని చార్మినార్‌ను ఈశాన్యంగా నలభై కిలోమీటర్లకు పైగా తీసుకెళ్లి యాదాద్రి భువనగిరి జిల్లాలో పెడుతుంది. చార్మినార్ కాబట్టి నవ్వుకుంటాం, అడవిలో నీళ్ల గుంట అయితే? డబ్బా కొన్న రోజే సెట్టింగ్స్‌లో పొజిషన్ ఫార్మాట్‌ను ఫోన్‌లో ఉన్నట్టే దశాంశ డిగ్రీలకు మార్చేయండి, టీమ్‌లో అందరివీ ఒకే పద్ధతిలో ఉండాలి. ఇంకా మంచిది అంకెలు చేత్తో కొట్టకుండా దారీ పాయింట్లూ ఉండే జీపీఎక్స్ ఫైల్ పంపించుకోవడం, ట్రెక్కింగ్ మ్యాప్ యాపులూ హ్యాండ్‌హెల్డ్‌లూ దాదాపు అన్నీ దాన్ని చదువుతాయి.

'దీంతో నా ప్లాట్ కొలుచుకోవచ్చా' అనే ప్రశ్న కూడా హైదరాబాద్‌లో తప్పదు. వద్దు. 200 గజాల స్థలం అంటే సుమారు 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, మీటర్లలో 9 బై 18. మూడు నుంచి ఐదు మీటర్లు అటూఇటూ అయ్యే పరికరంతో తొమ్మిది మీటర్ల వెడల్పు కొలిచి పక్కింటివాళ్లతో గొడవ పెట్టుకుంటే నవ్వులపాలవుతారు. దానికి సెంటీమీటర్లలో చెప్పే డీజీపీఎస్ లేదా ఆర్‌టీకే పరికరం ఉన్న సర్వేయర్‌ని పిలవాలి. ఐదెకరాల చేను గట్టు చుట్టూ నడిచి సుమారుగా ఎంతుందో చూసుకోవడానికి, బోరు ఎక్కడ వేశామో గుర్తుపెట్టుకోవడానికి ఓకే, కాగితాల మీదికి ఎక్కించడానికి కాదు.

అమెరికాలో ఉన్న అన్నయ్యో స్నేహితుడో తెస్తానంటే ఈ పేరా ముందు చదవండి. గార్మిన్‌లో 66ఐ, 67ఐ, మోంటానా 700ఐ లాంటివి, అంటే నంబర్ చివర 'ఐ' ఉన్నవి, ఇన్‌రీచ్ అనే శాటిలైట్ మెసేజింగ్‌తో వస్తాయి. అవి ఇరిడియం శాటిలైట్లతో మాట్లాడతాయి. మన దేశంలో అనుమతి లేకుండా అలాంటివి దగ్గర పెట్టుకోవడమే నేరం. 2024 డిసెంబర్‌లో గోవా ఎయిర్‌పోర్ట్‌లో ఇన్‌రీచ్ ఉన్న కెనడా రన్నర్‌ని పట్టుకుని కేసు పెట్టారు. వినడం తప్ప పంపడం రాని మామూలు జీపీఎస్‌కు ఈ ఇబ్బంది లేదు, ఐ లేని 67 తెమ్మనండి. దీనర్థం ఏంటంటే, సిగ్నల్ లేని చోట హ్యాండ్‌హెల్డ్ మీకు దారి చూపిస్తుంది గానీ మీ గురించి ఎవరికీ చెప్పదు. ఎటు వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో రాసిపెట్టి వెళ్లండి, జీపీఎక్స్ కూడా వాళ్లకు పంపండి. శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక చాలాచోట్ల ఫోన్ మోగదు. అది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ కూడా, జీపీఎస్ ఉందని ఫారెస్ట్ వాళ్ల అనుమతి లేకుండా లోపలికి దిగే ఆలోచన పెట్టుకోవద్దు.

జీపీఎస్ వాచీల గురించి రెండు మాటలు చాలు. ట్రాక్ రికార్డ్ చేయడానికి, వచ్చిన దారిన వెనక్కి తిరిగి వెళ్లడానికి హాయిగా ఉంటాయి, చేతులు ఖాళీగా ఉంటాయి. కొత్త చోట దారి వెతకడానికి ఆ తెర చాలదు. పరుగు కోసం ఇప్పటికే కొనుంటే వాడుకోండి, ట్రెక్కింగ్ కోసమే కొనకండి.

కొనాలని తేల్చుకున్నాక ఏది? మ్యాప్ ఫోన్‌లో చూసుకుంటాను, దారి తప్పకుండా గీత మాత్రం చూపిస్తే చాలు, మాటిమాటికీ సెల్స్ మార్చే గొడవ ఉండకూడదు అనుకుంటే ఈట్రెక్స్ ఎస్ఈ. అమెరికాలో దీన్ని 150 డాలర్లకు విడుదల చేశారు, నా ఓటు దీనికే. డబ్బాలోనే మ్యాప్ కావాలంటే 22ఎక్స్. దానికి అన్న 32ఎక్స్‌లో అదనంగా ఉండేవి ఎలక్ట్రానిక్ కంపాస్, గాలి ఒత్తిడితో ఎత్తు చెప్పే ఆల్టిమీటర్. కంపాస్ లేని 22ఎక్స్‌లో నడుస్తుంటేనే బాణం సరిగ్గా చూపిస్తుంది, మూడు దారుల దగ్గర నిలబడిపోతే బాణాన్ని నమ్మలేం, పదడుగులు వేస్తే గానీ అది తేల్చుకోదు. మన చుట్టుపక్కల దీంతో బతికేయొచ్చు, జేబులో ఒక మామూలు అయస్కాంత దిక్సూచి ఉంటే ఆ తేడా కూడా తీరిపోతుంది. ఆల్టిమీటర్ కోసం అంత ఎక్కువ పెట్టడం హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు దండగ, వాతావరణం మారితే అది కూడా మారుతుంది, బయల్దేరే చోట ప్రతిసారీ సరిచేయాలి. ఏటా హిమాలయాలకు వెళ్లేవాళ్లు, సర్వేలు చేసేవాళ్లు నేరుగా 67కి పోవడమే మేలు, మధ్యలో ఆగితే మళ్లీ అమ్మి మళ్లీ కొంటారు. సోలార్ ఈట్రెక్స్‌ను చూసి ముచ్చటపడొచ్చు, అయితే ఎండ తెగ కాసే చోట తిరిగేవాళ్లకే దాని ఉపయోగం, నల్లమల చెట్ల కింద ఆ పలక ఏం చేస్తుంది.

అసలు కొనే ముందు ఇంకో దారి కూడా ఉంది. మూల పడేసిన పాత ఫోన్‌కి అబిడ్స్ జగదీష్ మార్కెట్‌లో కొత్త బ్యాటరీ వేయించి, సిమ్ లేకుండా, ఆఫ్‌లైన్ మ్యాప్ ఒక్కటి పెట్టి జీపీఎస్‌గా వాడండి. మెయిన్ ఫోన్ బ్యాటరీ అత్యవసరానికి మిగులుతుంది, పాతది పగిలినా ఏడవక్కర్లేదు. ఒక సీజన్ ఇలా నడిచి చూస్తే డబ్బా కావాలో వద్దో మీకే తెలిసిపోతుంది.

సెకండ్ హ్యాండ్ హ్యాండ్‌హెల్డ్ దొరికితే మంచిదే, ఇవి గట్టి సరుకు. సెల్స్ పెట్టే అర తెరిచి స్ప్రింగుల దగ్గర పచ్చగా తుప్పు పట్టిందేమో చూడండి, సెల్స్ కారిపోయి వదిలేసిన సరుకు అయితే తర్వాత రోజూ ఏదో ఒక పేచీ పెడుతుంది. ప్రతి బటన్ నొక్కండి, చుట్టూ ఉన్న రబ్బరు ఊడుతోందేమో, యూఎస్‌బీ మూత బిగుతుగా ఉందో లేదో చూడండి, ఆ మూత వదులైతే నీళ్లు తట్టుకోవడం ఉత్త మాటే. 22ఎక్స్‌కి పాతరకం మినీ యూఎస్‌బీ, ఆ కేబుల్ ఇప్పుడు ఇళ్లలో ఉండదు, కోఠి గుజరాతీ గల్లీలో వెతుక్కోవాలి, అమ్మేవాడినే అడిగి తీసుకోండి. చివరగా షాపులో కాకుండా బయట ఆరుబయట ఆన్ చేసి, చోటు పట్టేదాకా ఆగి, కనబడిన అంకెల్ని మీ ఫోన్‌తో పోల్చి చూశాకే డబ్బులు ఇవ్వండి. దానికి ఐదు పది నిమిషాలు పడితే పట్టనివ్వండి, అమ్మేవాడు తొందరపెడితే బేరం వదిలేయండి.